ఆపద మూట

అనగనగా, ఉప్పుగాలికి కోటగోడల సున్నం ఏటేటా రాలిపోయే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు వేలాపురం. రాలిన సున్నాన్ని ఏటేటా మళ్ళీ వేయించేవారు. ఆ ఊరికి అదొక తప్పని ఖర్చు.

అంతకంటే పెద్ద ఖర్చు ఇంకొకటి ఉండేది. వేలాపురం సింహాసనం ఎక్కబోయేవారు ఎవరైనా సరే, ముందు తొలివేట చేసి రావాలి. వేటాడిన జంతువు చర్మమూ కొమ్ములూ తెచ్చి నిండు సభలో పెట్టాలి. అప్పుడే కిరీటం.

పక్క అడవిలో ఓ దుప్పిని కొట్టి తెస్తే సరిపోదా అంటారేమో! అడవిలో దుప్పి ఉంటే కదా? ఆ రాజులు తరతరాలుగా వేటాడి వేటాడి తమ అడవిని ఊడ్చిపెట్టేశారు. కుందేలు కూడా కనబడకుండా పోయాక బుద్ధి వచ్చి, ఇక రాజ్యంలో ఎవరూ వేటాడకూడదని శాసనం చేశారు. తొలివేట ఆచారాన్ని మాత్రం వదులుకోలేదు. సముద్రం దాటి, ఆఫ్రికా ఖండంలో ఉన్న కిలింబ దేశానికి ఓడలు కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. రాజుల తెలివి అలా ఉంటుంది మరి.

ఇంటి దగ్గర విల్లు మరిచిపోకూడదని ప్రతి ఏడూ ఒక ఉత్సవం జరిపేవారు. గడ్డితో దున్నలను కట్టి, చక్రాల మీద పెట్టి, మైదానంలో లాక్కుంటూ పోయేవారు. అందరూ కలిసి వాటి మీద బాణాల వాన కురిపించేవారు. తొలి బాణం ఎవరిదైతే దున్న వాళ్ళది. ఆ ఊరి వేట ధర్మం కూడా అదే అయిపోయింది. గడ్డి దున్నకు నెత్తురు రాదు. అది పారిపోదు, వెనక్కి తిరిగి పొడవదు. కాబట్టి వేలాపురంలో అందరూ గొప్ప వేటగాళ్ళే.

ఆ రాజ్యాన్ని కేసరివర్మ అనే రాజు పాలించేవాడు. తన తొలివేటకు ఆయన ఐదు ఓడల నిండా జనాన్ని వేసుకుని వెళ్ళాడు. వంటవాళ్ళు, వాద్యాలవాళ్ళు, గొడుగులు పట్టేవాళ్ళు, ఆ గొడుగులు మోసేవాళ్ళు! ఖజానా అప్పుడు బోసిపోయింది. ఆయన కన్నుమూసేనాటికి కూడా కోలుకోలేదు.

కేసరివర్మకు ఒక్కతే కూతురు. ఆమె పేరు కువలయ. చిన్ననాటి నుంచీ విల్లు పట్టిన చెయ్యి. మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

రాజు పోయిన మర్నాటి నుంచి ఆయన తమ్ముడు చిత్రరథుడు రాజ్యం చూసుకోసాగాడు. బాగానే చూసుకున్నాడు. ఒడ్డున జాలర్లు చేపలు ఎండబెట్టుకునే ఇసుక మీద కూడా పన్ను వేశాడు! చేప ఆరకముందే పన్ను కట్టాలి. కట్టలేనివాళ్ళ వలలు పట్టుకుపోయేవారు. కువలయ రాణి అయితే ఈ పన్ను పోతుందని జాలర్లు గంపెడాశతో ఉన్నారు. అది తెలిసిన చిత్రరథుడికి ఆ పిల్ల కంట్లో నలుసైంది.

ఒకనాడు సభలో ఆయన గొంతులో తేనె పోసుకుని ఇలా అన్నాడు.

"తల్లీ కువలయా! వచ్చే శ్రావణ పున్నమి పట్టాభిషేకానికి ముహూర్తం. ఆ లోపల తొలివేట తెచ్చి ఇక్కడ పెట్టావా, కిరీటం నీది. తేలేకపోయావా, ఆ బరువు ఈ చిన్నాన్నే మొయ్యాలి. తప్పుతుందా!"

అని, ఒక వరహాల సంచి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఖజానాలో నీకు ఇవ్వగలిగింది ఇంతే. దీనితోనే వెళ్ళాలి, దీనితోనే రావాలి. పరాయి దేశంలో అప్పు చేసి మన పరువు తీశావంటే నీ వేట చెల్లదు."

సంచిని చూసి సభలో కొందరు ముసిముసిగా నవ్వారు. ఐదు ఓడల ఖర్చు ఎక్కడ, ఈ ఒక్క సంచి ఎక్కడ!

కువలయ మాత్రం, "సరే చిన్నాన్నగారూ" అంది.

సభ ముగిశాక చిత్రరథుడు గుండన అనేవాణ్ణి చాటుకు పిలిచాడు. గుండన రాజుగారి వేటగాళ్ళ నాయకుడు. వేటే లేని రాజ్యంలో అదేం పదవని అడక్కండి. జీతం మాత్రం నెలనెలా వచ్చేది.

"వేటకు సాక్షిగా నువ్వు వెళ్ళు" అన్నాడు చిత్రరథుడు. "అమ్మాయి చేతికి వేట చిక్కకముందే సంచి ఖాళీ కావాలి. ఎలా చేస్తావో నీ ఇష్టం. పని జరిగిందా, నువ్వే సేనాపతివి."

గుండన మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

మర్నాడు తెల్లవారేసరికి కువలయ వాకిలి నిండిపోయింది. మేమొస్తామంటే మేమొస్తామని ఒకటే గోల! అడవిలో పాయసం ఎవరు వండుతారని వంటవాడు అడిగాడు. డోలు మోగకుండా రాజవేట ఏమిటని డోలువాడు అడిగాడు. గుంపులో ఒకాయన తన చిలక శకునాలు చెబుతుందనీ, దానికి వేరే పల్లకి అక్కర్లేదనీ బతిమాలుకున్నాడు.

కువలయ అందరికీ మజ్జిగ ఇప్పించి పంపేసింది. తరువాత ముగ్గురి దగ్గరికి తానే నడిచి వెళ్ళింది.

మొదట ఒక వర్తకుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన, "అక్కడ ఉప్పంటే బంగారమే అమ్మా. ఉప్పు పట్టించకపోతే చర్మం రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది. మన ఉప్పుమళ్ళ నుంచే బస్తాలు వేసుకుపో" అన్నాడు.

తరువాత నూకయ్య అనే సరంగు దగ్గరికి వెళ్ళింది. అతను ఓడ నడపడంలో తల నెరిసినవాడు. "ఈశాన్యపు గాలి మనల్ని తీసుకుపోతుంది, నైరుతి గాలి తీసుకొస్తుంది తల్లీ" అన్నాడు నూకయ్య. "ఆ గాలి తిరిగినప్పుడు ఒడ్డున లేకపోతే మళ్ళీ ఏడాది దాకా అక్కడే కూర్చోవాలి. కూర్చున్నా తినాలి కదా!"

చివరికి కాటయ దొర దగ్గరికి వెళ్ళింది. కాటయ దొర వయసులో ఉన్నప్పుడు ఆడంబరంగా కిలింబకు వెళ్ళి, వట్టి చేతులతో, బోడి చెవులతో తిరిగొచ్చినవాడు. వేట కోసం వెళ్ళి చెవిపోగులు పోగొట్టుకున్నాడని ఊరు ఊరంతా నవ్వేది. ఇప్పుడు ముసలివాడై, అరుగు మీద ఒంటరిగా కూర్చునేవాడు.

"తాతా, అక్కడ అసలు ఏం జరిగింది?" అని అడిగింది కువలయ.

ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళలో నవ్వినవాళ్ళే గాని అడిగినవాళ్ళు లేరమ్మా. చెబుతాను, విను. అక్కడ నెత్తురు ధర్మం అని ఒకటుంది. నీ బాణం తగిలి ఒక్క చుక్క నేల మీద పడిందా, ఇక ఆ జంతువు నీకు దొరికినా దొరక్కపోయినా దాని ధర చెల్లించాల్సిందే. నేనేమో మన గడ్డి దున్నల అలవాటు కొద్దీ బాణాల వాన కురిపించాను. ఎన్నో గాయపడ్డాయి, ఒక్కటీ చేతికి రాలేదు. అన్నిటికీ ధర కట్టి, ఓడ ఎక్కడానికి చెవిపోగులు అమ్ముకున్నాను. ఏమేం కొనాలో అన్నీ లెక్క వేసుకున్నాను తల్లీ. ఏమేం చెడిపోతాయో లెక్క వేసుకోలేదు. నా తప్పు అదే."

కువలయ ఆయన పాదాలకు నమస్కరించి ఇంటికి వచ్చింది. వరహాలను మూడు భాగాలు చేసి మూడు మూటలు కట్టింది.

మొదటిది రాకపోకల మూట. అందులో కూడా ముందుగా తిరుగు ప్రయాణానికే తీసి పెట్టింది.

"ఇంకా బయలుదేరనే లేదు, అప్పుడే రావడమేమిటమ్మా?" అని దాదిమ్మ ముక్కున వేలేసుకుంది.

"వెళ్ళేటప్పుడు సాయం చెయ్యడానికి ఇక్కడ మీరంతా ఉన్నారు దాదీ. వచ్చేటప్పుడు నాకు ఎవరున్నారు?" అంది కువలయ.

రెండోది వేట మూట. మూడోది ఆపద మూట. ఒక మూటలోది ఇంకో మూట పనికి ముట్టనని తనకు తానే మాట ఇచ్చుకుంది. ఉప్పు బస్తాలు ఎక్కించింది. నూకయ్యనూ అతని మనుషులనూ, సాక్షిగా గుండననూ వెంటబెట్టుకుని, ఒకే ఒక్క ఓడలో బయలుదేరింది.

ఈశాన్యపు గాలి వాళ్ళను చల్లగా కిలింబ తీరానికి చేర్చింది. రేవులో వాళ్ళు ఓడను చూసి, "మిగతా ఓడలు ఎప్పుడొస్తాయి?" అని అడిగారు. ఇంతేనని చెబితే చాలాసేపు నమ్మలేదు.

ఆ దేశపు గడ్డిమైదానాలకు పెద్ద ఎంబారా. పొడవైన మనిషి. మన వర్తకులతో మసలి మన భాష నేర్చినవాడు. పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక గడ్డిపరక ఉండేది. ఆయన ముందు కువలయ విల్లు ఎక్కుపెట్టమని అడిగాడు. దూరంగా ఉన్న ఎండు సొరకాయను కొట్టమన్నాడు. ఆమె కొట్టింది. మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ కొట్టింది. అప్పుడు గాని వేట మాట ఎత్తలేదు.

"సింహం ఉంది, ఏనుగు ఉంది, అడవి దున్న ఉంది. ఏది కావాలి బిడ్డా?"

"సింహం!" అన్నాడు గుండన, ఎవరూ అడక్కుండానే. "రాజవంశానికి సింహమే తగినది!"

"దాని ధర ఎంత?" అని అడిగింది కువలయ. ఎంబారా చెప్పాడు. మూడు మూటలూ విప్పినా చాలదు. ఏనుగు ధర కూడా చెప్పాడు. దంతాలు మోసే మనుషుల కూలికే వేట మూట ఖాళీ అయిపోతుంది.

"దున్న" అంది కువలయ.

గుండన పగలబడి నవ్వాడు. "మా ఊళ్ళో దున్నలు బండ్లు లాగుతాయి!"

ఎంబారా అతని వంక ఎగాదిగా చూశాడు. "మా దున్న బండి లాగదు. గాయపడి తప్పించుకుంటే పారిపోయినట్టు పోయి, చుట్టు తిరిగి వచ్చి, తన అడుగుల పక్కనే పొదలో కాచుకుంటుంది. మా వాళ్ళలో దాని కొమ్ముకు పోయినంతమంది సింహం పంజాకు పోలేదు."

గుండన నవ్వు ఆగిపోయింది. కాని చిత్రరథుడి మాట మాత్రం అతను మరిచిపోలేదు.

మర్నాటి నుంచి వేట మొదలైంది. ఎంబారా వెంట కువలయ, నూకయ్య, గుండన నిలువెత్తు గడ్డిలో, గాలికి ఎదురుగా, మాట్లాడకుండా నడిచేవారు. రోజుల తరబడి నడిచారు. కువలయ కాళ్ళు బొబ్బలెక్కాయి.

మొదటిసారి ఒక పెద్ద దున్న కనబడింది. కొమ్ములు చూస్తే రెండు చేతులూ చాపినా చాలవు. కువలయ బాణం ఎక్కుపెట్టింది. అంతలో దాని వెనక నుంచి ఒక దూడ తొంగి చూసింది. బాణం గురి తప్పితే దూడకు తగులుతుంది. ఆమె విల్లు దించింది.

"చెయ్యి వణికిందా రాకుమారీ?" అన్నాడు గుండన.

రెండోసారి పొద్దు వాలుతుండగా రెల్లు పొదల్లో ఒకటి కనబడింది. దాని వెనక భాగమే కనబడుతోంది, గుండె ఎక్కడుందో తెలియడం లేదు. ఆమె విల్లు దించింది.

"గడ్డి దున్ననైనా ఇంతసేపు చూడం మేము" అన్నాడు గుండన.

మూడోసారి తెల్లవారి ఎండలో, బయలు మీద, ఒక ముసలి దున్న ఒంటరిగా మేస్తోంది. వెనక ఏమీ లేదు, అడ్డం ఏమీ లేదు. కువలయ ఊపిరి బిగబట్టి అల్లెతాడు చెవిదాకా లాగింది. ఎంబారా తల ఊపాడు.

సరిగ్గా అప్పుడు ఆమె పక్క నుంచి రివ్వుమని ఒక బాణం దూసుకుపోయింది. అది గుండన బాణం! దున్న తొడలో దిగబడింది. దున్న ఒక్క అరుపు అరిచి, బాణంతో సహా గడ్డిలో పడి మాయమైంది.

"అయ్యయ్యో, చెయ్యి జారింది" అన్నాడు గుండన. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఎంబారా వెళ్ళి ఒక గడ్డిపరక తెంపి తెచ్చాడు. దాని మీద నెత్తురు చుక్క ఉంది. దాన్ని కువలయ చేతిలో పెట్టాడు.

ధర్మం ధర్మమే. గుంపులో ఎవరి బాణమైనా ధర గుంపు పెద్దే చెల్లించాలి. కువలయ వేట మూట విప్పి, ఉన్నదంతా ఇచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండనకు మాత్రం అప్పుడే సేనాపతి తలపాగా నెత్తిన పెట్టినంత సంబరమైంది.

"ధర ముట్టింది బిడ్డా. ఇక దాన్ని వెతకడం నీ ఇష్టం. చాలామంది వెతకరు" అన్నాడు ఎంబారా.

"అది పోయిన దిక్కున ఏముంది?"

"వాగు ఉంది. మా ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్ళే వాగు."

"అయితే వెతకాల్సిందే" అంది కువలయ. "గుండన్నా, బాణం నీది. నువ్వూ రావాలి."

నెత్తురు మరకలు చూసుకుంటూ బయలుదేరారు. ముందు ఎంబారా, తరువాత కువలయ, తరువాత నూకయ్య. గుండన అందరికంటే వెనక నడిచాడు. దున్న ముందుంది కాబట్టి వెనకే క్షేమమని అతని తెలివి. ఎంబారా చెప్పింది చెవికెక్కితే కదా!

గాయపడ్డ దున్న చుట్టు తిరిగి వచ్చి, తన అడుగుల పక్కనే ముళ్ళపొదలో కాచుకుని ఉంది. ముందు నడిచిన ముగ్గురినీ పోనిచ్చింది. నాలుగోవాడి మీదికి దూకింది.

గుండన విల్లు పారేసి కెవ్వున అరిచాడు. కొమ్ము తగిలి కాలు విరిగి కింద పడ్డాడు. దున్న నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి, మళ్ళీ వచ్చింది.

కువలయ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆలోచించే వ్యవధి లేదు. మెడ కింది గుంటకు గురి చూసి ఒకే ఒక్క బాణం వదిలింది. దున్న మోకాళ్ళ మీద వాలి, గుండన పాదాల దగ్గర కూలిపోయింది. ఎంబారా నోట్లో గడ్డిపరక కింద పడింది.

"ఇలాంటి బాణం నేను చూడలేదు" అన్నాడాయన.

ఎంబారా మనుషులు సంతోషంతో పాటలు పాడారు. మాంసం పల్లెలన్నిటికీ పంచారు. చర్మానికి ఉప్పు పట్టించారు. కువలయ మాత్రం నవ్వలేకపోయింది. వేలాపురం ధర్మం ప్రకారం తొలి బాణం ఎవరిదైతే వేట వాళ్ళది. తొలి బాణం గుండనది. ఈ కొమ్ములు పట్టుకెళ్ళినా సభలో చెల్లవు.

"నీ దగ్గర మూడో మూట ఉంది కదా" అన్నాడు ఎంబారా, ఆమె దిగులూ మూటల సంగతీ విని. "అందులో ఇంకో దున్నకు సరిపడా ఉంది. పొద్దున్నే తీసుకెళ్తాను. ఈసారి పక్కన ఎవరూ ఉండరు."

అంతలో నూకయ్య పరుగున వచ్చాడు. "తల్లీ, గాలి తిరిగింది. రెండు రోజుల్లో ఓడ ఎక్కాలి. గుండన కాలు నల్లబడుతోంది. ఎముకలు కట్టే వైద్యుడు కొండ అవతల ఉన్నాడట. రప్పించాలంటే చాలా అడుగుతాడు. ఆ పైన డోలీ, మోసేవాళ్ళు, మందులు. లేకపోతే ఇక్కడే వదిలి వెళ్ళాలి. బతికితే బతుకుతాడు."

రెండిటికీ చాలదు. ఇంకో దున్నో, గుండన కాలో!

కువలయ రాయి మీద కూర్చుంది. ఆమెకు కోపం వచ్చింది. రాదా మరి? మీకైతే రాదా? ఎవడు తన వేటను చెడగొట్టాడో వాడి కోసమే ఆఖరి మూట విప్పాలి! ఒడ్డున ఎండుతున్న చేపలు గుర్తొచ్చాయి. వలలు పోగొట్టుకుని ఏడ్చిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది కూడా.

తరువాత లేచి, మూట తెచ్చి నూకయ్య చేతిలో పెట్టింది.

"వైద్యుణ్ణి పిలిపించు."

"అమ్మా!" అన్నాడు నూకయ్య. "మా ఒడ్డు మీద వాళ్ళందరి ఆశా నీ మీదే ఉంది. ఇలాంటివాడి కోసమా?"

"పడిపోయినవాణ్ణి అడవిలో వదిలేసి వచ్చి కిరీటం పెట్టుకుంటే, రేపు మీరు పడిపోయినప్పుడు నన్ను ఎలా నమ్ముతారు నూకయ్యా? ఈ మూట కట్టినప్పుడు ఆపద ఫలానావాళ్ళకే రావాలని నేను అనుకోలేదు. వచ్చింది. ఇది దాని కోసమే."

వైద్యుడు వచ్చాడు. కాలు నిలిచింది. డోలీలో గుండనను రేవుకు మోసుకొచ్చి ఓడ ఎక్కించారు. మొదటి మూటలో తిరుగు ప్రయాణానికి తీసి పెట్టింది అలాగే ఉంది కాబట్టి ఓడ ఖర్చుకు ఎవరినీ చెయ్యి చాచి అడగాల్సిన పని లేకపోయింది.

నడిసముద్రంలో ఒకనాడు, కువలయ గంజి తెచ్చి ఇస్తుంటే గుండన తల వంచుకుని అడిగాడు.

"నా చెయ్యి జారలేదని నీకు తెలుసా తల్లీ?"

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు నవ్వినప్పుడు."

"మరి ఎందుకు కాపాడావు?"

"కాలు విరిగినవాడికి కారణాలు కూడా చెప్పాలా? చల్లారిపోతోంది, తాగు" అంది కువలయ.

శ్రావణ పున్నమి నాడు వేలాపురం సభ కిటకిటలాడింది. జాలర్లు ద్వారాల దాకా నిలబడ్డారు. కువలయ దున్న చర్మమూ కొమ్ములూ తెచ్చి సభ మధ్యలో పెట్టింది. జనం ఒక్కసారిగా హోరెత్తారు.

చిత్రరథుడు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. కర్ర ఊతంతో వచ్చిన గుండనను చూసి ఆయనకు ధైర్యం చిక్కింది. వచ్చిన వేట ఒక్కటే. సాక్షి తన మనిషి. తొలి బాణం తనదేనని వాడు అంటే చాలు.

"వేట ఘనంగానే ఉంది. కాని మన ధర్మం ఒకటుంది కదా! తొలి బాణం ఎవరిదో వేట వాళ్ళది. సాక్షిని అడుగుదాం. గుండనా, నిజం చెప్పు. ఈ దున్న మీద తొలి బాణం ఎవరిది?"

"నాదే ప్రభూ" అన్నాడు గుండన.

సభ నివ్వెరపోయింది. ద్వారం దగ్గర ఎవరో ఆడమనిషి ఏడుపు అందుకుంది. చిత్రరథుడు నవ్వు దాచుకోలేక మీసం సవరించుకున్నాడు. గుండన అన్నది నిజమే, కువలయ ఎలా కాదంటుంది?

"విన్నారుగా!" అంటూ చిత్రరథుడు సింహాసనం మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగండి ప్రభూ, నా సాక్ష్యం ఇంకా అయిపోలేదు" అన్నాడు గుండన. "ఆ రోజు జరిగింది ఒక వేట కాదు, రెండు. మొదటి వేటలో వేటగాణ్ణి నేను. పక్క నుంచి కొట్టాను. దున్న తప్పించుకుపోయింది. దాన్ని వెతకడానికి భయపడి అందరికంటే వెనక నడిచాను. ఆ వేట అక్కడితో సరి. అందులో నాకు దక్కింది ఏమీ లేదు. రెండో వేటలో వేటగాడు దున్న. వేట జంతువుని నేను! పొదలో కాచింది అది, కొమ్ముతో కొట్టింది అది, నేలకూలింది నేను. ఆ వేటగాడి మీద తొలి బాణం ఎవరిది? ఈ తల్లిది. ఆఖరి బాణం ఎవరిది? అదీ ఈ తల్లిదే. రెండూ ఒకటే బాణం. నమ్మకం లేకపోతే నన్ను చూడండి. ఆ బాణం తప్పి ఉంటే సాక్షి ఇక్కడ ఉండేవాడు కాడు."

ముందు ఎవరో ఫక్కున నవ్వారు. ఆ వెంటనే సభంతా నవ్వింది. ఆ నవ్వులోనే జయజయధ్వానాలు మొదలయ్యాయి.

"కట్టుకథలు!" అని అరిచాడు చిత్రరథుడు. "సాక్షివి సాక్షిలా ఉండు. అడిగినదానికే జవాబు చెప్పు!"

"చిత్తం. అయితే మొదటి బాణం నన్ను ఎవరు వెయ్యమన్నారో అది కూడా అడగండి ప్రభూ, చెబుతాను" అన్నాడు గుండన.

చిత్రరథుడు మెట్టు మీది కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. పెద్దలందరూ ఆయన మొహం చూశారు, గుండన కాలు చూశారు, చూడాల్సింది చూసేశారు. ధర్మం చెప్పే పెద్దాయన లేచి నిలబడి, "వేట కువలయాదేవిది. కిరీటమూ ఆమెదే" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇసుక పన్ను రద్దయింది. పట్టుకుపోయిన వలలన్నీ తిరిగి ఇచ్చేశారు. జాలర్లు కొత్త రాణిని పల్లకి ఎక్కనివ్వలేదు. తమ భుజాల మీదే ఎక్కించుకుని ఒడ్డు పొడుగునా ఊరేగించారు. గుండన కర్ర ఊతంతో కుంటుకుంటూ ఆ ఊరేగింపుకు ముందు నడిచాడు.

ప్రయాణం మొదలుపెట్టకముందే ఆపదకు వాటా తీసి పెట్టుకుని, ఆపద వచ్చిన నాడు అది ఎవరికి వచ్చిందని చూడకుండా ఖర్చు పెట్టినవాళ్ళే గెలిచి ఇల్లు చేరతారు.